ప్లేగు ఎలుక, దీపావళి ఊరేగింపు, ఒక సిటీ ప్లాన్

ఈరోజు కథ ఒక మ్యాప్‌తో మొదలుపెడతాను.

కొన్నేళ్ల క్రితం మా బాబాయికి ఫోన్ వచ్చింది. "మున్సిపల్ ఆఫీసు గోడ మీద కొత్త మాస్టర్ ప్లాన్ అంటించారంట, మన వీధి మీదుగా రోడ్డు పోతోందంట" అని. ఇద్దరం వెళ్లాం. అక్కడ చాలామంది ఉన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత ఊరు ఎలా ఉండాలి అని ఒక్కరూ మాట్లాడుకోవట్లేదు. అందరి వేలూ మ్యాప్ మీద ఒక్కటే వెతుకుతోంది: ఎర్ర గీత నా ఇంటి మీద పడిందా, లేదా? మేమూ అదే వెతికాం. నిజం చెప్పాలంటే, పడలేదని తెలిశాక హాయిగా ఇంటికొచ్చేశాం. పక్క వీధివాళ్ల సంగతి పట్టించుకోలేదు.

ప్లాన్ అనగానే జనానికి ముందు భయం ఎందుకొస్తుంది? ఈ ప్రశ్నకి వందేళ్ల కిందట ఒక ముసలాయన మన దేశంలోనే వింత జవాబు చెప్పాడు. ఆయన పేరు ప్యాట్రిక్ గెడెస్. స్కాట్లాండ్ మనిషి, 1854లో పుట్టాడు. చదివింది జీవశాస్త్రం. అందుకే ఊరిని కూడా ప్రాణం ఉన్నదానిలా చూసేవాడు. డాక్టర్ ముందు నాడి చూస్తాడు, తర్వాతే మందు రాస్తాడు కదా? ఊరికీ అంతే అనేవాడు. ముందు సర్వే, తర్వాతే ప్లాన్.

1914లో మద్రాసు గవర్నర్ లార్డ్ పెంట్లాండ్ ఆయన్ని పిలిచాడు. నగరాల మీద ఆయన పోగుచేసిన మ్యాపులు, బొమ్మల ఎగ్జిబిషన్ వేరే ఓడలో బయలుదేరింది. దారిలో జర్మన్ యుద్ధనౌక ఎమ్‌డెన్ ఆ ఓడని ముంచేసింది. అవును, అదే ఏడాది మద్రాసు మీద బాంబులేసిన ఎమ్‌డెనే! ఇంకొకరైతే తిరుగు ఓడ ఎక్కేవాళ్లు. ఈయన స్నేహితుల సాయంతో కొత్త బొమ్మలు తెప్పించుకుని, 1915 జనవరిలో మద్రాసులో ఎగ్జిబిషన్ పెట్టాడు. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

ఆ రోజుల్లో ఇంజనీర్ల పద్ధతి ఏంటంటే, ఇరుకు పేట కనిపిస్తే చాలు, మధ్యలోంచి తిన్నగా వెడల్పాటి రోడ్డు గీసేయడం. గెడెస్ ఆ గల్లీల్లో కాలినడకన తిరిగేవాడు. కూలిపోతున్న ఇల్లు మాత్రం తీసేద్దాం, ఆ ఖాళీలో ఒక చెట్టు నాటుదాం, మిగతా ఇళ్లు బాగుచేసుకుందాం అనేవాడు. ఖర్చు తక్కువ, పైగా జనం రోడ్డున పడరు.

1917 ఆయనకి చాలా చెడ్డ సంవత్సరం. ఏప్రిల్‌లో పెద్దకొడుకు ఫ్రాన్స్‌లో యుద్ధంలో చనిపోయాడు. రెండు నెలలకి భార్య ఆనా ఇక్కడే, మన దేశంలోనే కన్నుమూసింది. ఆ దుఃఖంలోంచే ఇండోర్ పనిలోకి దిగాడు.

అది హోల్కర్ల సంస్థానం. ఊళ్లో ప్లేగు భయం. గెడెస్ చేతిలో మ్యాప్ పట్టుకుని వీధుల్లో తిరుగుతుంటే జనం ఆయన్ని వేలెత్తి చూపించి భయపడేవారట. ప్లేగు తెచ్చే దొర ఇతనే అనుకున్నారు. మ్యాప్ పట్టుకుని దొర వచ్చాడంటే ఇల్లు కూల్చడానికే అని వాళ్లకి అనుభవం మరి.

అప్పుడాయన మహారాజుని ఒక కోరిక కోరాడట: ఒక్కరోజు నన్ను మహారాజుని చేయండి! తర్వాత దండోరా వేయించాడు. ఈసారి దీపావళి ఊరేగింపు పాత దారిలో వెళ్లదు. ఏ వీధివాళ్లు ఎక్కువ ఇళ్లు శుభ్రం చేసి, బాగుచేసుకుంటారో ఆ వీధిలోంచే వెళుతుంది.

ఇక చూడండి, ఊరు ఊరంతా పనిలో పడింది. వేల బళ్ల చెత్త బయటికి పోయింది. గోడలకి రంగులు పడ్డాయి. ఎలుకల బోనులు పెట్టారు.

ఊరేగింపులో ముందు ఏనుగులు, గుర్రాలు. వెనకాల మురికి రాక్షసుడు, పాడుబడ్డ ఇళ్ల బొమ్మలు, ఒక పెద్ద ప్లేగు ఎలుక. ఆ తర్వాత ఊరి సఫాయి కార్మికులు వచ్చారు. తెల్లటి కొత్త బట్టలు, పూలదండలు కట్టిన చీపుర్లు, రంగులేసిన బళ్లు. రోజూ ఎవరూ కన్నెత్తి చూడని మనుషులు ఆరోజు వీధి మధ్యలో గౌరవంగా నడిచారు. వాళ్ల వెనక ఇండోర్ నగరలక్ష్మి. ఆమె జెండా మీద ఏముందో తెలుసా? సిటీ ప్లాన్! మార్పులన్నీ ఎర్ర గీతలతో, అందరికీ కనిపించేలా. చివర్లో ఇంటింటికీ తులసి మొక్కలు పంచారు. రాత్రికి రాక్షసుణ్ణీ ఎలుకనీ తగలబెట్టారు.

ఇదంతా గెడెస్ తర్వాత చెప్పుకున్న కథనం. కాబట్టి కొంచెం మెరుగులు ఉంటే ఉండొచ్చు. ఇంకో మాట కూడా చెప్పాలి. జనం వీధులు శుభ్రం చేశారు నిజమే, కానీ ఎర్ర గీతలు గీసింది గెడెసే. వద్దు అనే హక్కు జనానికి లేదు. 1918లో వచ్చిన ఆయన రిపోర్టు రెండు సంపుటాలు. అదీ ఇంగ్లీషులో.

మనకి ఇప్పుడు ఆ హక్కు ఉంది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ, 3 లక్షల జనాభా దాటిన ఊళ్లకి వార్డు కమిటీలు ఉండాలంది. మాస్టర్ ప్లాన్ ముందు డ్రాఫ్ట్‌గా వస్తుంది, అభ్యంతరాలకి గడువు ఇస్తారు. కానీ గోడ మీద మ్యాప్ అంటించినంత మాత్రాన జనంతో మాట్లాడినట్టు కాదు. కామారెడ్డిలో ఏం జరిగింది? డ్రాఫ్ట్ ప్లాన్‌లో పంటభూములు ఇండస్ట్రియల్ జోన్‌లో కనిపించాయని రైతులు రోడ్డెక్కారు. చివరికి 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిల్ ఆ ప్లాన్ వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది. మొదట్లోనే పొలం గట్టు మీద కూర్చుని మాట్లాడి ఉంటే?

గెడెస్ దగ్గర నేను నేర్చుకున్నది ఒక్కటే. ఇరవై ఏళ్ల తర్వాతి ఊరి గురించి జనాన్ని అడగాలంటే, ముందు ఈరోజు వాళ్ల గుమ్మం ముందున్న సమస్యతో మొదలుపెట్టాలి. తన చెయ్యి పడిన పనిని ఎవరూ పరాయిదనుకోరు.

మీ ఊరి డ్రాఫ్ట్ ప్లాన్ వస్తే ఫోన్‌లో జూమ్ చేసి చూడండి. మీ ఇంటి దగ్గరే ఆగిపోకండి, మేం ఆగిపోయినట్టు. పక్క వీధి, చెరువు, బడి కూడా చూడండి. ఏదైనా తేడా కనిపిస్తే గడువులోపు కాగితం మీద రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. మళ్లీ కలుద్దాం.