1887లో ఆ పేజీలు అచ్చయి ఉంటే...

చరిత్రని మరో దారి పట్టించి కథ రాద్దామనుకోగానే ముందు యుద్ధాలే గుర్తొస్తాయి. ప్లాసీలో సిరాజుద్దౌలా గెలిచి ఉంటే, బొబ్బిలి కోట నిలబడి ఉంటే... నేనూ అక్కడే మొదలుపెట్టాను. కానీ ఏ రాజు గెలిచినా ఆ కోటలో వంటగది ఉన్నచోటే ఉంటుంది కదా! అందుకని నా మలుపుని ఒక అచ్చుకూటానికి మార్చుకున్నాను.

18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ అవతారికలో తన వంశం చెప్పుకుంది, నాయనమ్మ తంజనాయకి పేరుతో సహా. 1887లో పైడిపాటి వెంకటనరసు ఆ కావ్యాన్ని అచ్చువేసినప్పుడు ఆ అవతారిక లేదు. గద్యలు లేవు. కొన్ని పద్యాలూ లేవు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, వావిళ్ళవారి ద్వారా మొత్తం కావ్యాన్ని తెచ్చింది. ముద్దుపళనిని నిందించిన వీరేశలింగం పంతులుగారికి పీఠికలోనే జవాబు చెప్పింది, సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అని. 1911లో ప్రభుత్వం కన్ను పడింది, పుస్తకాలు జప్తయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చే వేళకి టంగుటూరి ప్రకాశం చొరవతో నిషేధం తొలగితే, 1952లో వావిళ్ళవారే మళ్ళీ వేశారు. అదే ఏడు నాగరత్నమ్మ పోయింది.

నిషేధం రాకపోతే ఏమయ్యేది అన్నది తేలికగా తట్టే ప్రశ్న. నన్ను వేధించింది అంతకన్నా చిన్నది: 1887లోనే ఆ అవతారిక అచ్చయి ఉంటే?

మొదటిసారి రాసినప్పుడు అందరినీ మార్చేశాను. పంతులుగారు పశ్చాత్తాపపడ్డారు, దొరలు కళారసికులయ్యారు, పల్లెపల్లెనా ఆడవాళ్ళు పద్యాలు పాడుకున్నారు. చదివిన స్నేహితురాలు, “ఇంత మంచి లోకంలో ఇంక కథెందుకే?” అంది. కోపమొచ్చింది గానీ అది నిజమే. నేను కట్టింది లోకం కాదు, నా కోరిక.

ఆ తర్వాత రొకేయా సఖావత్ హుస్సేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ మళ్ళీ తీశాను. 1905లో మద్రాసులోనే, కమలా సత్తియనాథన్ నడిపిన ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో వచ్చిన కథ. పేరుకి కల. అయినా మగవాళ్ళు ఊరికే పరదాలోకి వెళ్ళరు. రాణి ఆడపిల్లలకి బళ్ళు పెట్టిస్తుంది, వాళ్ళ విశ్వవిద్యాలయం సూర్యుడి వేడిని పట్టి దాచడం నేర్చుకుంటుంది, యుద్ధంలో మగవాళ్ళు ఓడిపోతారు, అప్పుడు తలుపులు మూసుకుంటాయి. ప్రతి మెట్టూ కనిపిస్తుంది. నా కథలో లేనివి ఆ మెట్లే.

రెండోసారి ఒక్క కాగితమే మార్చాను. మనుషుల్ని ముట్టుకోలేదు. పంతులుగారు పంతులుగారే. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టిన మనిషే, 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం చేయించిన మనిషే ఈ కావ్యాన్ని చీదరించుకున్నాడు. ఈ రెండింటినీ ఒకే మనిషిలో ఉంచడం కష్టంగానే ఉంది, కానీ తీసేస్తే ఆ కాలమే ఉండదు. పైగా నా కథకి చదువరిని తయారుచేసి ఇచ్చింది ఆయనే! ఆయన బళ్ళో అక్షరాలు నేర్చుకున్న ఒక అమ్మాయి, ఆయన వద్దన్న పుస్తకాన్ని తెరుస్తుంది.

ఆ పుస్తకం ఆమె చేతికెలా వచ్చింది? ఆమె అంగడికి వెళ్ళి కొనలేదు. చేతిలో డబ్బుండదు. తపాలాలో వస్తే ముందు విప్పేది మామగారు. చివరికి భర్త స్నేహితుడు మరిచిపోయి వదిలేసిన ప్రతి అని రాశాను. ఈ ఒక్క సంగతి తేలడానికి పట్టినన్ని రోజులు నాకు రాజుల కథకి పట్టలేదు.

మరో ప్రలోభం కూడా ఉంది. ఆ అమ్మాయిని తీసుకెళ్ళి ఒక భోగం స్త్రీతో చెయ్యి కలిపించాలని. రాసి కొట్టేశాను. సంసారి, సాని అన్న గీత ఒక అవతారిక అచ్చైనంత మాత్రాన చెరగదు. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చాక కూడా అది మన మాటల్లోంచి పోలేదు. ఆ గీతని చెరిపేసిన కథ చదవడానికి హాయిగా ఉంటుంది. నాగరత్నమ్మ ఎవరితో పోరాడిందో మాత్రం అందులో కనిపించదు.

ఇప్పుడున్న ప్రతిలో ఆ అమ్మాయి తంజనాయకి పేరు దగ్గర ఆగుతుంది. తన నాయనమ్మ పేరేమిటో గుర్తు తెచ్చుకోబోతుంది. ఇంట్లో ఎవరూ ఆమెని పేరుపెట్టి పిలవగా వినలేదు. అత్తగారినడుగుదామని లేస్తుంది, పుస్తకం ఎక్కడిదని అడుగుతారని మళ్ళీ కూర్చుంటుంది.