మన్యపు జ్వరము – రంగు చెప్పు సాక్ష్యము



అరకులోయకును దాని చుట్టునున్న తూర్పుకనుమలకును పూర్వము మైదానపువారు పోవుటకు జంకెడివారు. ఆ జంకునకు ముఖ్యకారణము చలిజ్వరము, అనగా మలేరియా. ఆ జ్వరమును కలిగించు క్రిమిని మనుష్యుడు రంగుల సాయమున ఎట్లు పట్టుకొనెనో, ఆ రంగే నేడెట్లు మోసగింపగలదో మనవిచేసెదను.

1880లో ఆల్జీరియా దేశమున లావెరాన్ అను ఫ్రెంచి సేనావైద్యుడు రోగి రక్తములో ఈ క్రిమిని మొదట చూచెను. నాడు దానికి అద్దకము లేదు. క్రిమి ఒడలిలోని నల్లని రేణువులే దానిని పట్టియిచ్చినవి. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపును కోసి చూచినప్పుడును ఆ నల్లరేణువులే దారి చూపినవి. ఆయన సూక్ష్మదర్శిని మరలు చెమటకు త్రుప్పుపట్టినవి. కంటికానించు అద్దము బీటవారినది. అయినను సత్యము దొరకెను.

లావెరాన్ పిమ్మట రంగులు వచ్చినవి. 1891లో రష్యాదేశీయుడు రొమనోవ్‌స్కీ నీలిరంగును ఎఱ్ఱరంగును కలిపి అద్దగా, క్రిమి ఒడలు నీలముగను, దాని నడిమి బీజము ఊదాయెఱుపుగను తేలెను. 1904లో జర్మనీలో గీమ్సా దానిని మెఱుగుపఱచెను. 1944లో మన దేశమున జస్వంత్ సింగ్, భట్టాచార్జీ అనువారు త్వరగా అద్దుటకు వీలైన రంగును సిద్ధపఱచిరి. అయితే ఇందొక మెలకువ కలదు. కలుపు నీరు పులుపైనచో పూత యెఱ్ఱబాఱి క్రిమి కనబడదు. క్షారము మిక్కుటమైనచో అంతయు నీలమగును. కావున రంగును సరిచూచుట నేటి విద్య కాదు. నాడు నీటితో చేసిరి, నేడు యంత్రముతో చేయుచున్నారు.

ఇప్పుడు సూక్ష్మదర్శినికి కెమేరా తగిలించి, రక్తపుపూతను తెరపై చూచుచున్నారు. కెమేరా వెలుగును అంకెలుగా వ్రాయును. ఆ అంకెలను తెరపై ఎంత వెలుగుగా చూపవలెనో నిర్ణయించు కొలతకు గామా యని పేరు. పూర్వపు టెలివిజను గాజుగొట్టములు అందిన విద్యుత్తునకు సరిసమానముగా వెలుగు నీయకుండుటచే ఈ సవరణ అవసరమయ్యెను. దీపపు వత్తి నెగదోసినచో గదియంతయు వెలుగును. గామా అట్టిది కాదు. నలుపును నలుపుగనే, తెలుపును తెలుపుగనే యుంచి, నడిమి ఛాయలను మాత్రమే పైకెత్తును, లేక అణచును. క్రిమి పలుచని నీలిరంగు ఆ నడిమి ఛాయలలోనే యున్నది!

కొంతకాలము క్రిందట కొండపల్లె నుండి వచ్చిన యొక చిత్రమును నేను చూచితిని. చూపున కింపుగా నుండుటకై ఎవరో గామాను మార్చియుండిరి. చిత్రము తేటగా, ముచ్చటగా నుండెను. కాని రక్తకణములోని సన్నని నీలి యుంగరము ఆ తేటలో కలిసిపోయినది. మూలచిత్రమును తెప్పించి చూడగా ఉంగరము బయటపడెను. ఆ ఉంగరమే రోగి జ్వరమునకు సాక్షి. మలేరియాలో ఫాల్సిపారమ్ అను జాతి కొలదిదినములలో ప్రాణము తీయగలదు. వైవాక్స్ అనునది కాలేయమున దాగి మరల మరల తిరుగబెట్టును. రెంటికిని చికిత్స వేరు. రంగు తప్పినచో మందు తప్పును.

పూర్వపు మన గ్రామకరణములకు తెలిసిన నీతి యొకటి కలదు. పద్దు దిద్దవలసివచ్చినచో మొదటి అంకెను చెఱుపరాదు. దానిపై గీతగీసి ప్రక్కన క్రొత్తది వ్రాయవలెను. ఇక్కడను అంతే. మూలచిత్రమును భద్రపఱచవలెను. గాజుపలకపై కణములు లేని చోటును తెలుపునకు ప్రమాణముగా గైకొనవలెను. ఒకరి పూతకు పెట్టిన కొలతనే అందఱి పూతలకును పెట్టి, దానిని వ్రాసియుంచవలెను. అనుమానము కలిగినచో తెరను విడిచి గాజుపలకనే మరల చూడవలెను.

పెద్దలారా! మీ పల్లెలో జ్వరపీడితుని వ్రేలు గ్రుచ్చి రక్తము తీసినప్పుడు, క్రిమి కనబడెనా, ఏ జాతిది అని తప్పక అడుగుడు. చిత్రము అందముగా నుండుట మనకు ముఖ్యము కాదు. అది నిజము చెప్పుట ముఖ్యము. సెలవు.