తురాయి చెప్పిన సాక్ష్యం

1931లో జర్మనీలోని గ్యోటింగెన్ విశ్వవిద్యాలయంలో అడాల్ఫ్ బ్యూటెనాంట్ అనే యువ రసాయన శాస్త్రవేత్త, పోలీసుల దగ్గర సేకరించిన 15,000 లీటర్ల మూత్రాన్ని దశలవారీగా శుద్ధి చేయించి, చివరికి 15 మిల్లీగ్రాముల స్ఫటికాలు రాబట్టాడు. పురుష హార్మోన్లలో ఒకటైన ఆండ్రోస్టెరోన్ అది. లెక్క ఎంత విడ్డూరంగా ఉన్నా నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకో సంగతి. అన్ని వేల లీటర్లను వడపోస్తున్నప్పుడు అసలు సరుకు ఏ భాగంలో మిగిలిందో తెలిసేదెలా? కోడిపుంజు చెప్పేది. విత్తులు తీసేసిన పుంజుకి తురాయి ముడుచుకుపోయి, రంగు పాలిపోతుంది. హార్మోను ఉన్న సారాన్ని ఎక్కిస్తే అదే తురాయి మళ్ళీ ఎర్రబడి ఎదుగుతుంది. ఎంత ఎదిగిందో కొలబద్ద పెట్టి చూసేవారు. షికాగోలో మూర్, గల్లఘర్, కోక్ అనే ముగ్గురు 1929 నాటికి ఈ కొలతకి ఒక పద్ధతి ఏర్పరిచారు.

ఊరి పేరు చూశాక ఇక ఆగలేకపోయాను. ఎందుకంటే సరిగ్గా 83 ఏళ్ళ ముందు అదే గ్యోటింగెన్‌లో, అవే కోడిపుంజులతో, అదే తురాయిని చూస్తూ ఒక మనిషి ఈ శాస్త్రానికంతటికీ పునాది వేశాడు. ఆ పునాది మీద ఎవరూ ఇల్లు కట్టలేదు.

ఆయన పేరు ఆర్నాల్డ్ అడాల్ఫ్ బెర్తోల్డ్. 1803లో పుట్టాడు. వైద్యం చదివి, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ అక్కడి జంతు సంగ్రహాలయాన్ని చూసుకునేవాడు. 1848 ఆగస్టు 2న ఆరు పడుచు పుంజులను తీసుకున్నాడు. రెండింటికి విత్తులు పూర్తిగా తీసేశాడు. మరో రెండింటికి ఒక విత్తు తీసేసి, రెండోదాన్ని దాని చోటి నుంచి విడదీసి కడుపులోనే వదిలేశాడు. మిగిలిన రెండింటికి రెండు విత్తులూ తీసి, దీని విత్తు ఒకటి దాని పేగుల మధ్య, దానిది దీని పేగుల మధ్య పెట్టి కుట్టేశాడు.

మొదటి రెండూ మెత్తబడ్డాయి. తురాయి ఎదగలేదు, సరైన కూత లేదు, పోట్లాట లేదు. మిగతా నాలుగూ నిఖార్సైన పుంజుల్లాగే పెరిగాయి. కూశాయి, ఒకదానిమీద ఒకటి కాలు దువ్వాయి, పెట్టల వెంట పడ్డాయి. తర్వాత కోసి చూస్తే, కొత్త చోట పెట్టిన విత్తు పేగుకి అతుక్కుని బతికే ఉంది. రక్తనాళాలు కొత్తగా అల్లుకున్నాయి. పాత నరం ఒక్కటీ మిగల్లేదు.

ఈ చివరి మాటలోనే ప్రాణమంతా ఉంది. ఒంట్లో ఒక అవయవం దూరాన ఉన్న మరో అవయవాన్ని కదిలిస్తే అది నరాల పనేనని ఆనాటి పండితుల నమ్మకం. ఇక్కడేమో నరం తెగింది, తురాయి మాత్రం నిగనిగలాడుతోంది. బెర్తోల్డ్ సూటిగా తేల్చాడు: విత్తులు రక్తంలో మార్పు తెస్తాయి, ఆ రక్తం ఒళ్ళంతా తిరిగి తన పని చేస్తుంది. 1849లో నాలుగు పేజీల్లో ఇదంతా అచ్చువేశాడు.

విత్తులు తీస్తే పుంజు పుంజులా ఉండదని అరిస్టాటిల్ నాటికే తెలుసు. ఆబోతుకీ ఎద్దుకీ తేడా ఏమిటో మన రైతుని ఎవరూ అడగక్కర్లేదు, మూపురం చూసి చెబుతాడు. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ పుంజు విత్తుని పెట్ట కడుపులో నాటి బతికించాడు కూడా. అంటుకుందా లేదా అన్నదే ఆయన ధ్యాస, అది ఏం చేస్తోందన్నది కాదు. వేల ఏళ్ళుగా అందరి కళ్ళముందూ ఉన్నదాన్ని ప్రశ్నగా మార్చినవాడు బెర్తోల్డే.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. అదే విశ్వవిద్యాలయంలోని రుడాల్ఫ్ వాగ్నర్ ప్రయోగాన్ని మళ్ళీ చేయబోయి విఫలమయ్యాడు. బెర్తోల్డ్ 1861లో చనిపోయాడు. దాదాపు అరవై ఏళ్ళు ఆ నాలుగు పేజీలను పట్టించుకున్నవాళ్ళు లేరు. శాస్త్రం తనంతట తనే సర్దుకుంటుందంటారు. సర్దుకుంటుంది, నిజమే, కానీ ఈలోగా పోయిన తరాలు తిరిగి రావు. పోయింది కాలమొక్కటే కూడా కాదు. పెరట్లో తిరిగే ప్రాణిని నిండుగా చూసి, దాని కూతనీ కొట్లాటనీ కూడా సాక్ష్యంగా రాసుకునే చూపు పోయింది.

ఆ ఖాళీలోకి వింతలు చొరబడ్డాయి. 1889 జూన్ 1న పారిస్‌లో, 72 ఏళ్ళ బ్రౌన్-సెకార్డ్ అనే పెద్ద శాస్త్రవేత్త, కుక్కల, గినీ పందుల విత్తుల సారాన్ని తనకు తానే పొడుచుకున్నానని, యౌవనం తిరిగొచ్చిందని సభలో చెప్పాడు. ఆ సారంలో పనిచేసేంత హార్మోను ఉండే అవకాశమే లేదు. అయినా జనం ఎగబడ్డారు.

నరం లేకుండా కబురు వెళుతుందన్న మాట 1902 జనవరి 16న లండన్ యూనివర్సిటీ కాలేజీలో మళ్ళీ పుట్టింది. బెయ్‌లిస్, స్టార్లింగ్ బావ బావమరుదులు. కుక్క చిన్నపేగులో ఒక ముక్కకి నరాలన్నీ తెంపి, అందులో ఆమ్లం పోస్తే క్లోమం నుంచి రసం ఊరింది. స్టార్లింగ్ వెంటనే పేగు లోపలి పొరని గీకి, ఇసుకతో ఆమ్లంతో నూరి, వడగట్టి, కుక్క మెడ సిరలోకి ఎక్కించాడు. కాసేపట్లోనే రసం బొట్టు బొట్టుగా రాలింది. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. హార్మోన్ అన్న మాటని స్టార్లింగ్ 1905లో వాడాడు. అంతా నరాల పనే అని గట్టిగా నమ్మిన పావ్లోవ్, తన ప్రయోగశాలలో కూడా అదే ఫలితం వచ్చాక ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలంటే నాకు గౌరవం.

సిద్ధాంతం కుదిరేదాకా వైద్యులు ఆగలేదు. 1891లోనే ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో జార్జ్ మర్రీ, థైరాయిడ్ పనిచేయక ఒళ్ళు ఉబ్బి మందగించిన 46 ఏళ్ళ మహిళకి గొర్రె థైరాయిడ్ సారం ఇచ్చాడు. ఆమె 74 ఏళ్ళు బతికింది. అందుకు 870 గొర్రెల గ్రంథులు అవసరమయ్యాయి.

ఇదే గ్రంథి మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామిని హిమాలయాల దాకా నడిపించింది. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన ఆయన, 1956 నుంచి కాంగ్రా లోయలో గొంతువాపు మీద పనిచేశాడు. అక్కడి మట్టిలో, నీటిలో అయొడిన్ తక్కువ. అయొడిన్ అందకపోతే థైరాయిడ్ హార్మోను తయారుకాదు, గ్రంథి ఉబ్బిపోతుంది. లోయని మూడు భాగాలు చేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపారు. ఆరేళ్ళలో ఆ రెండు భాగాల్లో గొంతువాపు బాగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. మామూలు ఉప్పు తిన్న మూడో భాగానికి కూడా ఆ తర్వాత అయొడిన్ ఉప్పు అందించారు, అక్కడా వాపులు తగ్గుముఖం పట్టాయి.