ఫలజ్ వంతు, బోరు మోటారు

అన్నలూ, తమ్ముళ్లూ, నిజ్వా తోటల్లో పనిచేసే మనోళ్లందరికీ ఫలజ్ తెలుసు. పొద్దున ముఖం కడుక్కునే కాలువే గదా అనుకుంటం. దాని వెనక పెద్ద కథే ఉంది. మేము తెలుసుకున్నంత రాస్తున్నం.

ఫలజ్‌కు మోటారు లేదు. కొండ మొదట్లో 'తల్లి బావి' తవ్వి, ఆ ఊట నీళ్లను సన్నటి వాలుతో సొరంగంలో ఊరి దాకా తెస్తరు. ఒమన్‌లో ఇప్పటికీ దాదాపు 3,000 ఫలజ్‌లు పారుతున్నయి. 2006లో యునెస్కో వాటిలో ఐదింటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నిజ్వాలోని ఫలజ్ దారిస్ అందులో ఒకటి.

తవ్వకం కన్నా మాకు పంపకం గొప్పగా అనిపించింది. నీళ్లు ఊళ్లోకి రాంగనే మొదట తాగడానికి. ఆ తర్వాత మసీదు, స్నానాల గదులు. ఆఖరికి తోటలు. తోటల్లో కూడా ముందు ఖర్జూర చెట్లు, మిగిలితేనే గోధుమ, గడ్డి. కరువొస్తే ఆ పంటల నేల తగ్గిస్తరు గానీ చెట్టును ఎండనియ్యరు. వంతును లీటర్లలో కొలవరు, టైముతో కొలుస్తరు. ఒక 'అథర్' అంటే సుమారు అరగంట. పగలు కర్ర నీడ చూసి, రాత్రి చుక్కలు చూసి లెక్కగట్టేటోళ్లు (ఇప్పుడు చాలా చోట్ల చేతి గడియారమే). కొన్ని వంతులు ఫలజ్ పేరు మీదనే ఉంటయి. వాటిని వేలం వేసి, ఆ పైసలతో పూడిక తీయిస్తరు. ఇదంతా చూసుకునేటాయన వకీల్. మన చెరువు తూము ఇప్పి మడి మడికీ నీళ్లు పారించే నీరటి యాదికొచ్చిండు మాకు.

1970ల తర్వాత పంపులొచ్చినయి. బాతినా తీరంలో ఎవరికి వాళ్లు తోడేసరికి సముద్రపు ఉప్పు బావుల్లోకి ఎక్కింది. 1988లో సుల్తాన్ శాసనం నీళ్లను దేశ సంపదగా ప్రకటించింది. మరుసటి ఏడే నీళ్ల కోసం ప్రత్యేకంగా ఒక మంత్రిత్వ శాఖ పెట్టిండ్రు. బావికి అనుమతి తప్పనిసరైంది, డ్రిప్పుకు సర్కారు సాయం మొదలైంది.

మన దగ్గర కూడా ఇదే వరుస. 2002లో వాల్టా చట్టం, 2003లో డ్రిప్పు సబ్సిడీ పథకం. మాలో సగం మందిమి బోర్లు ఫెయిలై, ఆ అప్పు తీర్చడానికి విమానమెక్కినోళ్లమే. డ్రిప్పు నీళ్లు మిగులుస్తది, నిజమే. మిగిలిన నీళ్లతో ఇంకో ఎకరం వేస్తే మాత్రం బోరు మళ్లీ అంతే తోడుతది. ఫలజ్‌లో ఊటెంత ఉంటే అంతే వస్తది, గుంజుకోవడానికి మోటారు లేదు. డ్రిప్పు ఎవరి చేన్ల వాళ్లు పెట్టుకునేది. వంతుకైతే ఊరంతా ఒప్పుకోవాలె.

మేము పనిచేసే తోటలో ఇప్పుడు నిమ్మకు డ్రిప్పు, ఖర్జూరకు ఫలజ్. ఈసారి మా వంతు రాత్రి రెండింటికి. పారలు బయటపెట్టి కూసున్నం.