వైద్యము నేర్పువారికి బోధన నేర్పిన కథ

హైస్కూలులో ఎనిమిదవ తరగతి పిల్లలకు జీవశాస్త్రము చెప్పవలెనన్నచో శాస్త్రమున పట్టము మాత్రమే చాలదు, బి.ఎడ్. కూడ కావలెను. పాఠ్యపథకము వ్రాయుట, ప్రశ్న అడుగు తీరు, నల్లబల్ల వాడుక, అయిదారు నిమిషముల సూక్ష్మబోధన చేసి తోటివారి విమర్శకు నిలుచుట, ఇవన్నియు ఆ శిక్షణలో భాగములే. ఈ పత్రికను చదువు ఉపాధ్యాయులకు ఇది క్రొత్త సంగతి కాదు. కాని ఆ పిల్లలే పెద్దవారై వైద్యకళాశాలలో చేరినపుడు, అచ్చట వారికి శరీరధర్మశాస్త్రమునో శస్త్రచికిత్సనో బోధించు ఆచార్యునకు బోధనలో శిక్షణ యేదియు అక్కరలేదని మన దేశమున చాలకాలము భావించిరి. ఎం.డి. లేక ఎం.ఎస్. పట్టము, కొన్నియేండ్ల అనుభవము ఉన్న చాలును. కళాశాలలో విజ్ఞానశాస్త్రము చెప్పు నావంటివారి స్థితియు ఇంచుమించు ఇంతే గనుక, ఇది పరిహాసమునకు చెప్పుచున్న మాట కాదు.

విషయము తెలిసినవాడు విషయమును చెప్పగలడనునది ఈ భావనకు మూలము. దానిని మొదట గట్టిగా ప్రశ్నించినవారిలో అమెరికా వైద్యుడు జార్జి మిల్లరు ఒకడు. 1950 దశకపు నడుమ బఫెలో విశ్వవిద్యాలయములో ఆయన వైద్యకళాశాల ఆచార్యులను అదే విశ్వవిద్యాలయపు విద్యాశాస్త్ర శాఖవారితో కలిపి కూర్చుండబెట్టెను. అనగా, ఎం.డి.లను బి.ఎడ్. చెప్పువారి యొద్దకు చదువుకు పంపెనన్నమాట. ఆ పని ఫలితముగా 1961లో వైద్యకళాశాలలో బోధన, అభ్యసనములను గూర్చి ఒక గ్రంథము వెలువడినది. తరువాత 1990లో ఆయనయే వైద్యుని సామర్థ్యమును నాలుగు మెట్ల గోపురముగా వర్ణించెను. అడుగుమెట్టు ‘తెలియును’, దానిపైన ‘ఎట్లో తెలియును’, దానిపైన ‘చేసి చూపగలడు’, శిఖరమున ‘చేయుచున్నాడు’. మన పరీక్షలు చాలవరకు అడుగుమెట్టుననే నిలిచిపోవుచున్నవని ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ ఆలోచన ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా మన దేశమునకు చేరినది. 1970 దశకపు నడుమ పుదుచ్చేరిలోని జిప్మెర్‌లో వైద్యోపాధ్యాయుల జాతీయ శిక్షణకేంద్ర మొకటి వెలసినది. ప్రతి కళాశాలయు వైద్యవిద్యా విభాగమును ఏర్పరచుకొనవలెనని భారత వైద్యమండలి 1997 నిబంధనలలో చెప్పినది. చెప్పుట వేరు, జరుగుట వేరు. 2009లో ఆ మండలి ప్రాంతీయ కేంద్రములను నెలకొల్పి అధ్యాపకులకు శిక్షణ తప్పనిసరి యనిన తరువాతనే పని ఊపందుకొన్నది. మిల్లరు మొదలుపెట్టిన అర్ధశతాబ్దమునకు మనము అచ్చటికి చేరితిమి.

ఆ శిక్షణలో నేర్పునది యేమి? ఒక చిన్న ఉదాహరణము చూడుడు. పాత పద్ధతిలో పాఠ్యలక్ష్యము ‘విద్యార్థికి రక్తహీనతను గూర్చి తెలిసియుండవలెను’ అని వ్రాసెడివారు. తెలిసియున్నదో లేదో కొలుచుట యెట్లు? క్రొత్త పద్ధతిలో ‘రోగి క్రిందిరెప్పను మెల్లగా దించి, లోపలి పొర పాలిపోయినదా లేదా అని చూచి చెప్పగలగవలెను’ అని వ్రాయుదురు. రెండవదానిని చూడవచ్చును, మార్కు వేయవచ్చును, తప్పినచో సరిదిద్దవచ్చును. క్రియాపదము మారుటతో పాఠమే మారిపోవును. పరీక్షయు అట్లే మారినది. 1975లో స్కాట్లండులోని డండీలో రోనాల్డు హార్డెను ప్రవేశపెట్టిన పద్ధతిలో విద్యార్థులందరు వరుసగా బల్లనుండి బల్లకు తిరుగుదురు. ఒకచోట రక్తపోటు కొలువవలెను, ఒకచోట ఎక్స్‌రే చూడవలెను, మరొకచోట రోగితో మాటలాడవలెను. గంట మ్రోగగానే తరువాతి బల్ల. పరీక్షకుడు ముందుగా వ్రాసియుంచిన పట్టికలో గుర్తు పెట్టుచుండును. పరీక్షకుని దయాదాక్షిణ్యములకు ఇందులో చోటు తక్కువ.

ఇక మన ప్రాంతపు మాట. 1846లో హైదరాబాదులో నిజాము ప్రభుత్వము వైద్యపాఠశాలను స్థాపించినది. అచ్చట బోధన ఉర్దూలో జరిగెడిది. ఆ శతాబ్దము ముగియకముందే ఇంగ్లీషునకు మారినది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు కాలములో మరల ఉర్దూకు వచ్చినది. 1948 తరువాత ఇంగ్లీషు స్థిరపడినది. రోగుల భాష మాత్రము ఈ నూరేండ్లలో ఏమియు మారలేదు. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడునాటికి ప్రభుత్వ వైద్యకళాశాలలు అయిదే: జంటనగరములలో ఉస్మానియా, గాంధీ; వరంగల్లులో కాకతీయ; నిజామాబాదు, ఆదిలాబాదులలో ఒక్కొక్కటి. ఆ పైన 2022 నవంబరు 15న ఒకే దినమున ఎనిమిది కళాశాలలు ప్రారంభమైనవి. జగిత్యాల వానిలో ఒకటి. 2023 సెప్టెంబరు 15న ఇంకొక తొమ్మిది. సిరిసిల్ల వానిలో చేరినది. రెండుసార్లును ముఖ్యమంత్రి హైదరాబాదులో కూర్చుండి తెర మీదనే వానిని ప్రారంభించెను. ఈ కళాశాలల పుట్టుకయే తీగ మీద జరిగినది.

జిల్లా ఆసుపత్రి ఒకనాడు బోధనాసుపత్రి యైనపుడు, అచ్చటి వైద్యులకు పని రెట్టింపగును. నిన్నటివరకు రోగిని చూచి మందు వ్రాసిన చేయి నేడు పదిమంది విద్యార్థులను వెంటబెట్టుకొని మంచము మంచమునకు నడువవలెను. క్రొత్త కళాశాలలకు అధ్యాపకులు చాలకుండుట అందరు ఎరిగినదే. 2025 జూలైలో జాతీయ వైద్య కమిషను అధ్యాపక అర్హతలను సడలించి, ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేయుచున్న నిపుణవైద్యులు అధ్యాపకులగుటకు దారి వెడల్పు చేసినది. మంచిదే. కాని బోధనలో అనుభవము లేనివారు అధికముగా వచ్చు కొలది, బోధన నేర్పవలసిన భారము కూడ అధికమగును. వార్డును విడిచి హైదరాబాదునకో పుదుచ్చేరికో వెళ్లి శిక్షణ పొందుటకు ఆ వైద్యునకు తీరిక ఎక్కడిది? అందువలన శిక్షణయే వైద్యుని యొద్దకు రావలెను. దూరమునుండి ఉపాధ్యాయులకు పాఠము చెప్పుట అను పని ఇట్లు మన జిల్లాలకు అవసరమైనది.

ఈ పని మనకు బొత్తిగా క్రొత్తది కాదు. 1975 ఆగస్టు 1 మొదలు ఒక యేడు కాలము, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు జరిగినవి. వానిలో తెలుగు ఒక భాష. కోళ్లగూటికి వాడు ఇనుపవలను గొడుగువలె వంచి, పది అడుగుల వ్యాసముగల ఆంటెనాలను చేసిరి. పల్లెలోని బడిపిల్లలకు పాఠములతోపాటు, ప్రాథమిక పాఠశాలలలో విజ్ఞానశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులకు సెలవులలో పండ్రెండు దినముల శిక్షణ రెండు విడతలుగా జరిగినది. మొత్తము దాదాపు 50,000 మంది దానిని పొందిరి. పాఠకులు ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. ఆ శిక్షణ టెలివిజను మీద మాత్రమే ఆధారపడలేదు. రేడియో పాఠము, అచ్చుపుస్తకము కూడ ఉండెను. ప్రతి కేంద్రములో ఒక మార్గదర్శకుని పర్యవేక్షణలో చేతితో చేయు ప్రయోగములు ఉండెను. తెర చూపినదానిని బల్ల మీద చేసి చూచిననే పాఠము పూర్తియగునని ఆ పథకమును రూపొందించినవారికి తెలియును.

అప్పటి ఉపగ్రహము 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండెను. కాంతివేగము సెకండుకు 3,00,000 కిలోమీటర్లు గనుక, సంకేతము పైకి పోయి క్రిందికి వచ్చుటకు దాదాపు పావు సెకండు పట్టును. అట్టి ఉపగ్రహము ద్వారా ప్రశ్న అడిగి సమాధానము వినవలెనన్నచో అర సెకండు. సంభాషణలో ఇది చెవికి తెలియును. అయినను 1975లో ప్రశ్న అడుగు వీలే లేదు, ప్రసారము ఒకవైపే. ఆ వీలు విద్యకొరకే 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి ఎగిరిన ఎడ్యుశాట్ ఉపగ్రహముతో విరివిగా వచ్చినది. నేడు గాజుతీగలో కాంతి సెకండుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోవును. హైదరాబాదునుండి జగిత్యాలకు మాట చేరుటకు వేయింట ఒకటి రెండు వంతుల సెకండు చాలును. మధ్య యంత్రములు చేయు ఆలస్యమే దానికంటె ఎక్కువ. దూరము ఇక అడ్డంకి కాదు. అడ్డంకులు వేరే యున్నవి.

వైద్యోపాధ్యాయుల విషయమున ఇంటర్నెట్టును ముందుగా బాగుగ వాడుకొన్నవారిలో ఫిలడెల్ఫియాలోని ఫైమెర్ అను సంస్థ యొకటి. 2005 తరువాతి కొద్ది యేండ్లలో దాని ప్రాంతీయ శాఖలు ముంబయి, లుధియానా, కోయంబత్తూరులలోని వైద్యకళాశాలలలో ఏర్పడినవి. వారి పద్ధతి ఇది: కొన్నిదినములు అందరు ఒకచోట కలిసికొందురు, తక్కిన యేడంతయు ఎవరి కళాశాలలో వారుండి, ఇంటర్నెట్టు మీద చర్చలు జరుపుచు, తమ కళాశాలలోనే బోధనలో ఒక మార్పును చేసి చూపవలెను. ముఖము చూచినవాని మాటను తెర మీద విశ్వసించుట సులభమను మానవస్వభావమును వారు పట్టుకొనిరి.

2019లో ఎం.బి.బి.ఎస్. పాఠ్యక్రమము సామర్థ్యములను ఆధారముగా చేసికొని మారినది. రోగితో మాటలాడు తీరు, నీతి, నడవడిక అనునవి కూడ పాఠములైనవి. మరుసటి సంవత్సరము కరోనా వచ్చి కళాశాలలు మూతపడినవి. విద్యార్థులతోపాటు ఉపాధ్యాయుల శిక్షణయు తెర మీదికి ఎక్కినది. పరిశోధనా పద్ధతులను గూర్చిన ప్రాథమిక పాఠ్యక్రమమును చెన్నైలోని జాతీయ సాంక్రామికరోగ విజ్ఞాన సంస్థ ఇంటర్నెట్టు ద్వారానే నడుపుచున్నది; చదువు ఇంట, పరీక్ష మాత్రము కేంద్రములో.

ఈ పాఠ్యక్రమము తెరకు తగినదని నా అభిప్రాయము. నమూనా ఎంత పెద్దదిగా తీసికొనవలెను, సగటు ఎప్పుడు మోసగించును, అను సంగతులను రాత్రి పదిగంటలకు వార్డు పని ముగిసిన తరువాత సిరిసిల్లలో కూర్చుండి నేర్చుకొనవచ్చును. అర్థము కానిచో మరల వెనుకకు త్రిప్పి వినవచ్చును. నిలువుకాళ్లపై చెప్పు ఆచార్యుని మూడవమారు అడుగుటకు మనకు మొగమాటము. కాని మిల్లరు గోపురములోని మూడవమెట్టు, నాల్గవమెట్టు వేరు.

సిరిసిల్లలో మరమగ్గములను సాంచాలందురు. దినమంతయు ఆ మోతలో నిలిచిన కార్మికునకు చెవులు మందగించును. కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో ఇంటింట స్త్రీలు తునికియాకులో పొగాకు చుట్టి బీడీలు చేయుదురు. అట్టి ముసలమ్మ ఆసుపత్రికి వచ్చి, ‘పానం మంచిగ లేదు బిడ్డా, దమ్మస్తంది’ అనును. శిక్షణపాఠము ఇంగ్లీషులో ఉండును. పుస్తకము ఇంగ్లీషులో ఉండును. దమ్మన్నది ఆయాసమా, దగ్గుతో కూడిన ఊపిరియాడమియా, మెట్లెక్కినపుడు వచ్చునదా, పండుకొన్నపుడు వచ్చునదా అని మెల్లగా అడిగి రాబట్టుట ఆ వార్డులోనే నేర్పవలసిన విద్య. మొదటిది ఊపిరితిత్తుల జబ్బు కావచ్చును. పండుకొన్నపుడు పెరుగునది గుండె జబ్బు కావచ్చును. ప్రశ్న తప్పిన మందు తప్పును. ఈ ప్రశ్నలను విద్యార్థి అడుగుచుండగా ప్రక్కన నిలిచి విని, పక్కకు పిలిచి సరిదిద్దు ఉపాధ్యాయుడు కావలెను. ఆ ఉపాధ్యాయుని సరిదిద్దువారు ఎవరు? ఇచ్చట ఫోను పనికివచ్చును. స్టాన్‌ఫర్డులో 1960 దశకపు తొలిరోజులలో సూక్ష్మబోధన మొదలైనపుడు పాఠమును చిత్రించి చూపుటకు పెద్ద యంత్రములు కావలసివచ్చెను. నేడు రోగి అనుమతి పొంది, జేబులోని ఫోనుతో అయిదు నిమిషముల మంచముకడ పాఠమును చిత్రించి దూరముననున్న సహోపాధ్యాయునకు పంపి విమర్శ పొందవచ్చును. వారము వారము జరుగవలసిన పని ఇది. మూడుదినముల శిక్షణతో ముగియునది కాదు.

ఇచ్చట కోరుట్లను మరువరాదు. తెలంగాణ యేర్పడుటకు పూర్వమే అచ్చట పశువైద్య కళాశాల వెలసినది. పశువు తన బాధను చెప్పుకొనదు. రైతును అడిగియే తెలిసికొనవలెను. అట్లు అడుగుటలో ఆ ఉపాధ్యాయులకు మంచి అలవాటు. వ్యవసాయ, పశువైద్య అధ్యాపకులకు శిక్షణ ఇచ్చుటకు 1976లోనే హైదరాబాదు రాజేంద్రనగరులో ‘నార్మ్’ అను జాతీయ సంస్థ ఏర్పడినది. అది ఇంటర్నెట్టు పాఠములను కూడ నడపినది. పిచ్చికుక్కకాటు, పశువులనుండి మనుష్యులకు సోకు బ్రూసెల్లా జ్వరము వంటివి రెండు కళాశాలలకును పాఠములే. మండళ్లు వేరైనందున ఈ రెండు వర్గముల ఉపాధ్యాయులు ఒకే తెరముందు కూర్చుండుట అరుదు. ఒకే జిల్లాలో ఉన్నవారు నెలకొకసారి తెర లేకుండగనే కూర్చుండవచ్చును గదా!

జగిత్యాలలో మొదటి జట్టు 2022 నవంబరులో తరగతులు మొదలిడినది. చదువు నాలుగున్నర యేండ్లు, ఆపైన ఆసుపత్రిలో ఒక యేడు. సిరిసిల్లవారు వారికి ఒక యేడు వెనుక.