పేరొకరిది, పనితనం మరొకరిది

కలెక్టరాఫీసులో ఆయుధాల లైసెన్సు సెక్షన్ చూసినవాణ్ణి గనుక, పాత తుపాకుల గురించి నాలుగు మాటలు రాయమని మన కార్యదర్శిగారు కోరారు. పాతకాలపు ఆయుధం చేతికిచ్చి ‘ఇది ఎవరి తయారీ?’ అని అడిగితే, చాలామంది దానిమీద చెక్కిన పేరు చదివి చెప్పేస్తారు. అన్నివేళలా అది సరైన జవాబు కాదు.

మౌజర్ సి-96 పిస్తోలునే తీసుకుందాం. జర్మనీలోని ఓబెర్న్‌డోర్ఫ్‌లో, మౌజర్ కర్మాగారంలో పనిచేసే ఫీడర్లే సోదరులు దీన్ని రూపొందించారు. 1895లో పేటెంటు మాత్రం యజమాని పాల్ మౌజర్ తీసుకున్నాడు. ఇంగ్లండులో దీన్ని అమ్మిన వెస్ట్‌లీ రిచర్డ్స్ కంపెనీ తన పేరు చెక్కించేది. 1896లో బొంబాయి రేవులో దిగేటప్పుడు విన్‌స్టన్ చర్చిల్ భుజం కీలు తప్పింది. అందుకే 1898లో సూడాన్‌లోని ఆమ్‌దుర్మాన్ యుద్ధంలో ఆయన కత్తి మాని ఈ పిస్తోలు వాడాడు.

దీని కొయ్య ఒరను పిడి వెనక తగిలిస్తే, అదే భుజానికి ఆనించుకునే మడమ అవుతుంది. పిస్తోలు కాస్తా చిన్న తుపాకీ, అంటే కార్బైన్ అవుతుంది. పొడవు గొట్టంతో కొన్ని కార్బైన్లను మౌజర్ కంపెనీయే చేసింది. మామూలు పిస్తోలును బయటి పనివాళ్ళచేత అలా మార్పించుకున్నవారూ ఉన్నారు. చిక్కంతా వీటితోనే.

మౌజర్ పనిలో గొట్టమూ, తూటా కూర్చునే గదీ ఒకే ఉక్కు ముక్క. కనుక మధ్యలో అతుకు కనిపిస్తే వేరొకరి చెయ్యి పడినట్టే. తరువాత చూడవలసినవి పరీక్ష ముద్రలు. బ్రిటన్‌లో తుపాకీని పరీక్షించి ముద్ర వేయనిదే అమ్మరాదు. లండన్ తుపాకీ పనివారి సంఘానికి 1637లో రాజపత్రం వచ్చింది. బర్మింగ్‌హామ్ పరీక్షశాల 1813 చట్టంతో ఏర్పడింది. 1904 తరువాత కిరీటం కింద బి.వి. అక్షరాలుంటే అది బర్మింగ్‌హామ్ ముద్ర. ముద్ర ఊరిని చెబుతుంది, మనిషిని చెప్పదు. పనివాడి పొడి అక్షరాలుంటే కొయ్య విప్పినప్పుడే కనబడతాయి.

ఒకసారి మా ఆఫీసుకు ఇలాంటిదే వచ్చింది. పైన ఇంగ్లీషు దుకాణం పేరుంది. తాతగారు లండన్‌లో చేయించారని వారసుల మాట. ఆర్మరర్ చేత విప్పిస్తే లోపల అతుకు, బర్మింగ్‌హామ్ ముద్ర, అసలు భాగాల మీద మౌజర్ నంబర్లు బయటపడ్డాయి. రిజిస్టరులో తయారీ ఓబెర్న్‌డోర్ఫ్ అని, మార్చిన గొట్టం పరీక్ష బర్మింగ్‌హామ్ అని, అమ్మకం ఫలానా దుకాణమని మూడూ విడివిడిగా రాశాం.

మిత్రులకు నా మనవి. పెద్దలనాటి తుపాకీ ఇంట్లో ఉంటే, మెరుస్తుందని గరుకు కాగితంతో రుద్దించకండి. ముద్ర చెరిగితే చేసినవాడి ఆనవాలు పోయినట్టే. పాతది కదా అని లైసెన్సు మాట మరవకండి. 1959 ఆయుధాల చట్టం మినహాయింపు ఇచ్చింది, బాగుచేసినా పేలని పాత ఆయుధాలకు మాత్రమే.