దూలం లెక్క: గెలీలియో పొరపాటు



"ప్రమాణ వైశాల్యంపై పనిచేసే పునఃస్థాపక బలమే ప్రతిబలం" అని పిల్లలు వల్లె వేయడం మీరు వినే ఉంటారు. ఆ మాట నోటికి వస్తుంది, లెక్క మాత్రం రాదు. అప్పుడు తెలుగులో శాస్త్రం కుదరదని తల్లిదండ్రులు నిశ్చయించుకొని మాధ్యమం మార్పిస్తారు. భాషపై నింద మోపే ముందు ఈ లెక్క పుట్టిన విధాన్ని ఒకసారి పరిశీలించండి.

1638లో హాలండులోని లైడెన్ నగరంలో గెలీలియో రచించిన 'రెండు నూతన శాస్త్రాలు' అచ్చయింది. అప్పటికి ఆయన గృహనిర్బంధంలో ఉన్నాడు, చూపు కూడా పోయింది. పండితులకు లాటిన్ తప్ప వేరు భాష పనికిరాదనుకునే ఆ కాలంలో, పదార్థాల బలాన్ని గురించిన భాగాన్ని ఆయన ఇటాలియన్‌లో, ముగ్గురి సంభాషణగా నడిపాడు. (చలన సిద్ధాంతాలకు మాత్రం లాటిన్‌నే వాడాడు.) అందులో ఒక ముచ్చట ఉంది. పాలరాతి స్తంభాన్ని పడుకోబెట్టి రెండు చివరలా దుంగలు పెట్టారు. నడుమ విరుగుతుందేమోనన్న భయంతో మధ్యన మూడో దుంగ చేర్చారు. కొన్ని నెలలకు స్తంభం సరిగ్గా అక్కడే విరిగింది! ఒక చివరి దుంగ కుళ్లి కుంగింది, మధ్య దుంగ కుంగలేదు. దానితో స్తంభంలో సగభాగం ఆధారం లేక వేలాడింది. రెండే దుంగలు ఉండి ఉంటే స్తంభం కూడా దుంగతోపాటే కిందికి దిగేది.

ఇక అసలు సమస్య. దూలం ఒక చివర గోడలో పాతి ఉంది, రెండో చివర బరువు వేలాడుతోంది. అది ఎంత బరువుకు విరుగుతుంది? గోడ దగ్గర దూలంలోని పీచులన్నీ సమానంగా లాగబడతాయని గెలీలియో భావించాడు. నిజానికి పై పొరలు సాగుతాయి, కింది పొరలు నొక్కుకుంటాయి, నడుమ ఒక పొరకు ఏ మార్పూ ఉండదు. వెడల్పును లోతు వర్గంతోను, పీచు ఓర్వగల ప్రతిబలంతోను హెచ్చవేసి ఆయన 2తో భాగించాడు. స్థితిస్థాపకత గల దూలానికైతే 6తో భాగించాలి. అంటే దూలం నిజంగా మోయగలిగినదానికి మూడు రెట్లు మోస్తుందని తేల్చాడన్నమాట. ఇంటి కప్పు విషయంలో ఇది చిన్న పొరపాటు కాదు.

అయినా నిష్పత్తి తప్పలేదు. 8 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం గల పలకను తీసుకోండి. పడుకోబెడితే 8×2×2, అంటే 32. అంచు మీద నిలబెడితే 2×8×8, అంటే 128. నాలుగు రెట్లు. దేనితో భాగించినా ఈ నాలుగు మారదు. వడ్రంగి దూలాన్ని నిలువుగా వేయడంలోని కిటుకు ఇదే.

1713లో పారాన్ ఈ తప్పును సవరించాడు కాని ఎవరూ పట్టించుకోలేదు. 1773లో కూలుంబ్ (విద్యుదావేశాల సూత్రం చెప్పిన ఆయనే) మళ్లీ సరిచేశాడు. ప్రతిబలమనే భావనను 1822లో కోషీ స్పష్టపరిచాడు. 1826లో నేవియర్ తన పాఠాలలో, విరిగే బరువును కాక భద్రంగా మోయగల బరువును లెక్కించమన్నాడు. చూశారా, దూలం సమస్య ముందు వచ్చింది, నిర్వచనం 184 ఏళ్ల తరువాత వచ్చింది. మన తరగతిలో మాత్రం నిర్వచనమే ముందు నడుస్తోంది.

రేపు ఒక చెక్క స్కేలును రెండు పుస్తకాల మీద వంతెనలా పెట్టి, పిల్లల చేత నడుమ వేలితో నొక్కించండి. తరువాత అంచు మీద నిలబెట్టి నొక్కించండి. ఏం జరిగిందో వాళ్ల మాటల్లో చెప్పనివ్వండి. ప్రతిబలం అన్న మాటను నల్లబల్ల మీద ఆ తరువాతే రాయండి.